స్టూలెక్కితే అందే దేవుడు

కగావా గారు నెల రోజుల సెలవు మీద వెళుతూ
ఇంటి తాళాలతోపాటు నాకో దేవుణ్ణి అప్పగించారు.
అల్ ఖోర్‌లో, మూడో నెంబరు విల్లాలో,
ఏసీ పక్కన గోడకి చెక్క అల్మారా,
అందులో పిచ్చుకకి సరిపోయేంత గుడి.
పొద్దున్నే బియ్యం, ఉప్పు, నీళ్లు మార్చాలి.
ఆకులు ప్లాస్టిక్‌వి, దుమ్ము దులిపితే చాలు.
"రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు,
మళ్లీ ఒకసారి వంగడం.
అది మాత్రం నీ ఇష్టం" అన్నారు.

నా ఇష్టం!
దేవుడి విషయంలో
ఆ మాట నాతో ఇంతవరకూ ఎవరూ అనలేదు.

శుక్రవారం బస్సెక్కి దోహా వెళ్లాను.
మలయాళం వాళ్లు ముగించాక, ఫిలిప్పీనో వాళ్లు మొదలెట్టేలోగా
మా తెలుగు ఆరాధనకి దొరికేది గంటన్నర.
పాస్టరు దైవసహాయం గారిని పక్కకి పిలిచి అడిగాను.
వారమంతా ఆయన పరంజీలు బిగించే ఫోర్‌మన్,
దేన్నయినా బోల్టు లెక్కన చూస్తారు.
"నీళ్లు మార్చడం పని, తీతూ. జీతం తీసుకుంటున్నావు, చెయ్యి.
తల వంచడం పూజ. అది వద్దు."

సరేనన్నాను.
తీరా చూస్తే అల్మారా నా తలకన్నా ఎత్తు,
స్టూలెక్కితే గాని అందదు.
వంచే పనే లేదు, తల ఎత్తాల్సి వచ్చింది.
దానికి ఏ బోల్టో ఆయన చెప్పలేదు.

సముద్రంలోంచి ఉప్పు విరిచేసిన నీళ్లు ఒక గిన్నెలో,
ఉప్పు పక్క గిన్నెలో.
రోజూ మార్చాను.

చప్పట్లంటారా, మాకు కొత్త కాదు.
డోలక్ చినిగినా మా పేటలో ఆరాధన ఆగదు,
అరచేతులు ఎర్రబడేదాకా కొడతాం.
గుమ్మం బయట చెప్పులు విడవడమూ కొత్త కాదు.
ఇరవై మూడేళ్లవాణ్ణి,
ఇద్దరు దేవుళ్లని ఒక్క ఒంట్లో మోయలేనా అనిపించింది,
రెండు సిమ్‌లు వేసుకున్న ఫోన్లా.
నవ్వకండి, నిజంగానే అనిపించింది.

నన్ను ఆపింది మొదటి ఆజ్ఞ కాదు, ఉప్పు.
ఉప్పెందుకని, ఆయన తిరిగొచ్చాక అడిగాను.
మైల పోవడానికి, అన్నారు.
ఆయన వాడిన మాట వేరు,
నాలో అది తెలుగులోనే దిగింది.
వీపు బిగుసుకుంది.

ఆచంట అవతల మా తాత
బావి గిలక ముట్టుకుంటే మైల,
ఆయన నీడ పడితే ఆరబోసిన వడ్లు మైల.
ఆ మాట వినబడని చోటు వెతుక్కుంటూ
కాలవలో మునిగి, వేరే పేరుతో లేచాడు.
మనవణ్ణి, ఎడారి దాకా వచ్చి
రోజూ చిటికెడు ఉప్పు పోసి
అదే మాట ముందు నిలబడ్డానా?

"అది ఎవరికైనా అంటుతుంది, నాకూ" అన్నారు కగావా గారు,
"దులిపితే పోతుంది. పుట్టుకతో రాదు."
"పుట్టుకతో అంటించినవాళ్లు
మీ దేశంలో ఒక్కరూ లేరా సార్?"
అడిగేశాక నాకే భయం వేసింది,
నా వీసా కాగితం ఆయన సంతకం మీదుంది.

ఆయన కిటికీలోంచి
రాస్ లఫాన్ వైపు మండుతున్న గొట్టాన్ని చాలాసేపు చూశారు.
"చచ్చిన పశువుల తోళ్లు తీసేవాళ్లు" అన్నారు.
"వాళ్ల వీధికి మా అమ్మ నన్ను పోనిచ్చేది కాదు."
తర్వాత స్టూలు ఆయనే ఎక్కారు,
అరవై ఏళ్ల మోకాళ్లు పటుక్కుమన్నాయి.
ఉప్పు గిన్నె దించారు.
ఆ పూట తిరిగి పెట్టలేదు.

మా తాత తీసిందీ తోళ్లేనని
నేను చెప్పలేదు.
చెప్పి ఉండాల్సింది.

చప్పట్లు కొట్టలేదు. వంగలేదు.
కానీ నీళ్లు మార్చిన చెయ్యి మానడం లేదు.
క్యాంపులో నా మంచం పక్కన
తెల్లారగట్ల, ప్రార్థనకి ముందు,
స్టీలు గ్లాసు కడిగి నిండా నింపి పెడతాను.
ఎవరికో తెలీదు.
దైవసహాయం గారికీ తెలీదు.

నిన్న నైట్ షిఫ్టు నుంచి వచ్చిన నేపాలీ కుర్రాడు
అడక్కుండా గటగటా తాగేసి
గ్లాసు బోర్లించి, బూట్లతోనే పడుకున్నాడు.
మళ్లీ నింపాలా వద్దా అని
నేను కాసేపు అలాగే నిలబడ్డాను.